మార్కుల కోసం రాసిన సాక్ష్యం

లూర్డెస్ ఫగుందెస్ క్రిమినల్ జస్టిస్ డిగ్రీలో చేరిన కొత్తలో, ఒక ఆదివారం చర్చి బయట వాళ్ల మేనత్త అడ్డం తగిలింది. "దొంగల్ని పట్టుకోవడానికి కూడా డిగ్రీ కావాలటే? మీ నాన్న ఏ డిగ్రీ చదివి ఇన్నేళ్లు జైలు కాపలా కాశాడు?" అని నిలదీసింది.

"పట్టుకోవడం ఒక్కటే కాదత్తా. చట్టం చదవాలి, కోర్టు ఎలా నడుస్తుందో చదవాలి, మనిషి నేరం ఎందుకు చేస్తాడో చదవాలి. గ్లాసు మీద వేలిముద్ర చెరిగిపోకుండా తియ్యడానికి ఒక క్లాసు, జైల్లో మనుషుల్ని ఎలా ఉంచాలో చెప్పడానికి ఇంకో క్లాసు."

"కొట్టడం ఎప్పుడు నేర్పుతారు?"

"కొట్టకుండా ఉండటం నేర్పుతారు."

"అలాగా! అయితే మన పోలీసులెవరూ ఆ కాలేజీ గడప తొక్కినట్టు లేరు," అని మేనత్త చేతిసంచి ఊపుకుంటూ పోయింది.

లూర్డెస్‌కి ఒళ్లు మండింది. షెరీఫ్ ఆఫీసులో, అంటే జిల్లా పోలీసుల్లో, డెప్యూటీ కావాలని చిన్నప్పటినుంచీ కలలు కంటున్న పిల్ల. నాన్న జెర్వాసియో పొద్దున్నే జైలు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని చూసిన పిల్ల. ఆ బట్టలు వేసుకున్న మనిషిని ఎవరైనా ఒక మాటంటే తన ఇంటిని అన్నట్టే ఉండేది.

కాలేజీలో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన క్లాసు నేర పరిశోధన. చెప్పేది హాలోరన్ సారు. డిటెక్టివ్‌గా రిటైరైన మనిషి, నోట్లో ఎప్పుడూ పుల్ల ఆడిస్తుంటాడు. పాఠమంతా కలిపి ఒకే మాట: "చూసింది రాయండి. అనుకున్నది ఇంటికెళ్లి మీ ఇంట్లోవాళ్లకి చెప్పుకోండి."

ఆయన క్లాసుకు ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి, చెప్పాపెట్టకుండా, ఎవరో ఒకరు తలుపు తోసుకుని లోపలికి వస్తారు. సారు సంచి లాక్కుపోతారు, లేదా ఒకరినొకరు తోసుకుని బూతులు తిట్టుకుంటారు. అంతా పాత విద్యార్థుల చేత ఆడించే నాటకమే. అది అవగానే క్లాసు నోరెత్తకుండా చూసింది చూసినట్టు రాయాలి. మార్కుల్లో సింహభాగం దానికే. అందుకని సెమిస్టర్ మొదలైన దగ్గరనుంచీ తలుపు చప్పుడైతే చాలు, అందరి చేతుల్లోకి పెన్నులు వచ్చేసేవి. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి బూట్ల రంగు, గడ్డం పొడవు, ఏ చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడో మొత్తం రాసేశారు. ఆఫీసు నుంచి ఒకమ్మాయి స్టేప్లర్ అడగడానికి వస్తే క్లాసంతా ఆమెను ఎగాదిగా చూసి గబగబా రాయడం మొదలుపెట్టింది. పాపం, ఆ పిల్ల మళ్లీ ఆ వరండాలోకి రాలేదు.

చలికాలం, కిటికీ అవతల పొగమంచులో పార్కింగ్‌లోని కార్లు కూడా కనబడని ఒక పొద్దున, నిజంగానే తలుపు తెరుచుకుంది. కాలేజీ పోలీసులు ఇద్దరు లోపలికి వచ్చారు. పొడుగాటివాడి చొక్కా మీద స్ట్రౌడ్ అని పేరు ఉంది.

"నువ్వు. బూడిదరంగు జాకెట్. లే."

బూడిదరంగు జాకెట్‌లో ఉన్నది ఎమెరీ బూత్. లూర్డెస్ వెనక వరసలో కూర్చుంటాడు. తెల్లవారకముందే బాదం షెడ్డులో పనికి వెళ్లి, జాకెట్ నిండా పొట్టుతో క్లాసుకు వచ్చే నల్లజాతి కుర్రాడు. చెడు దోవ పట్టిన పిల్లల్ని చూసుకునే ప్రొబేషన్ ఆఫీసర్ అవుదామని చదువుతున్నాడు. వాళ్ల తమ్ముణ్ని ఒకప్పుడు అలాంటి ఆఫీసరే ఒడ్డున పడేశాడట. లూర్డెస్‌కి అతనితో ఉన్న స్నేహమల్లా పాఠం నడుస్తుండగా వెనకనుంచి అందే గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు.

ఎమెరీ లేవలేదు. రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. "నేనిప్పుడే పని నుంచి వచ్చానండి. దేనికి లెమ్మంటున్నారో చెప్తే లేస్తాను."

ముందువారం పాఠం సరిగ్గా అదే. పోలీసు ఆపితే పౌరుడు ఏమని అడగొచ్చు అన్నది. క్లాసంతా మొహమొహాలు చూసుకుంది. ఓహో, ఈసారి వేషగాడు మనవాడే, పాఠం భలే బట్టీ పట్టాడు! ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. లూర్డెస్ కుర్చీ పక్కకి తిప్పుకుని బాగా కనిపించేట్టు కూర్చుంది.

"లైబ్రరీలో లాప్‌టాప్ పోయింది. బూడిదరంగు జాకెట్ వాడు తీశాడట. లే అంటుంటే!"

"ఊళ్లో బూడిదరంగు జాకెట్ నాకొక్కడికేనా ఉంది?"

స్ట్రౌడ్ అతని మెడ వెనక పట్టుకుని లాగాడు. బల్ల కీచుమంది. ఎమెరీ నుదురు బల్ల అంచుకు కొట్టుకుంది. ఆ ఊపులో స్ట్రౌడ్ చెయ్యి వెనక్కి వెళ్లి ప్రొజెక్టర్ బండి ఇనుప మూలకు తగిలింది. వాడు అమ్మో అని అరిచాడు. ఎమెరీ నేల మీద పడ్డాడు, వీపు మీద రెండో పోలీసు మోకాలు. చేతులు మాత్రం రెండూ తెరిచే ఉన్నాయి. నుదుటి నుంచి రక్తం కంటిలోకి కారుతోంది.

"రంగు భలే కలిపారే," అని పక్కన కోల్బీ గుసగుసలాడాడు.

ఎమెరీ కింద నుంచే తల తిప్పాడు. "లూర్డెస్, నేను కదల్లేదు. వీళ్లకి చెప్పు."

లూర్డెస్ పెన్ను తీసి ఆ మాట రాసుకుంది. అతను అన్నది అన్నట్టు, కొటేషన్ గుర్తులు పెట్టి మరీ రాసుకుంది.

బోర్డుకి ఆనుకుని నిలబడిన హాలోరన్ సారు ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆయన పెట్టదలచిన నాటకం ఇంకా కాలేదు. జైళ్ల పాఠం చెప్పే మేష్టారితో ఆయనకు ఎప్పుడూ పోటీ. ఆ మహానుభావుడే తనకంటే ముందు తన క్లాసులోనే ఈ నాటకం పెట్టించాడనుకున్నాడు. ఎమెరీని ఈడ్చుకుపోయి తలుపు మూసుకోగానే చప్పట్లు కొట్టాడు. "ఊఁ, రాయండి! ఎవరైనా మాట్లాడారో, సున్నా."

అంతా రాశారు. సారు కాగితాలు తీసుకుని అక్కడికక్కడే మార్కులు వేసుకుంటూ పోయి, లూర్డెస్ కాగితం దగ్గర ఆగి పైకి చదివాడు. "పోలీసు కుడి మణికట్టు బండి మూలకు తగిలింది. ఆ తరువాత ఆయన అరిచాడు. కింద ఉన్న వ్యక్తి ఎవరినీ కొట్టలేదు. చేతులు రెండూ తెరిచి ఉన్నాయి." పుల్ల నోట్లోంచి తీశాడు. "చూశారా? ఒక్క ముక్క సొంతం లేదు. రాయడమంటే ఇదీ."

లూర్డెస్ ఉబ్బిపోయింది. అప్పుడే బయట అంబులెన్స్ కూత వినిపించింది.

సారు తలుపు తెరిచి వరండాలోకి వెళ్లాడు. నేల మీద ఎర్రగా చుక్కలు చుక్కలుగా పడి ఉంది. వంగి వేలితో తాకి చూశాడు. బతుకంతా రక్తం చూసిన మనిషి, రంగుకీ రక్తానికీ తేడా తెలియకపోదు. లేచి వెనక్కి తిరిగేసరికి ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది నాది కాదు," అన్నాడు. "ఇది మాలో ఎవరిదీ కాదు."

పోయిన లాప్‌టాప్ ఆ సాయంత్రమే దొరికింది. దాని యజమాని దాన్ని తన కారు వెనక సీట్లోనే మరిచిపోయాడు. అయినా ఎమెరీని వదల్లేదు. అతను తన మీద చెయ్యి చేసుకున్నాడని, ఆ దెబ్బకే మణికట్టు బెణికిందని స్ట్రౌడ్ రిపోర్టు రాశాడు. పోలీసు అధికారిని గాయపరచడం అంటే చిన్న నేరం కాదు. అది గనక రుజువైతే ఎమెరీ జైలుకు పోతాడు, తిరిగొచ్చాక ఏ ప్రొబేషన్ ఆఫీసూ అతన్ని గుమ్మం ఎక్కనివ్వదు. కేసు తేలేదాకా కాలేజీకి రావద్దని కూడా అన్నారు.

మొదటి రెండు రోజులూ క్లాసు క్లాసంతా ఊగిపోయింది. అందరం వెళ్దాం, అందరం చెప్దాం అని బల్లలు చరిచారు. తరువాత డీన్ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఆనాడు మేము రాసింది ఊహాశక్తికి సంబంధించిన అభ్యాసం, అందులోని విషయాలను వాస్తవాలుగా తీసుకోరాదు, అని. కింద సంతకం పెట్టి, సారు మార్కులు వేసి పంచిన జవాబు కాగితం కూడా తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ కాగితాలు పంచింది హాలోరన్ సారే. కాలేజీ పోలీసు చీఫ్ ఆయనతో ఒకే కారులో తిరిగి ఉద్యోగం చేసిన పాత జోడీ. ఎవరి కళ్లలోకీ చూడకుండా పంచాడు.

కోల్బీ అందరికన్నా ముందు సంతకం గీకేశాడు. లూర్డెస్ వాడి మోచెయ్యి పట్టుకుంది. "ఏంట్రా నువ్వు చేసేది?"

"నాకు హైవే పోలీసు ఇంటర్వ్యూ ఉందే. ఎమెరీ మంచోడే, కాదన్నానా? కానీ..."

"ఆ కానీ తర్వాతది చెప్పు."

"తర్వాతేం లేదు. కానీ, అంతే!" అని చెయ్యి విదిలించుకుని పోయాడు. వాడి వెనక మిగతావాళ్లూ పోయారు. తిట్టుకోవడానికేముంది, ఆ గదిలో సగం మందికి ఎక్కడో ఒకచోట పోలీసు ఉద్యోగం దరఖాస్తు నడుస్తోంది. లూర్డెస్ పేరు కూడా షెరీఫ్ ఆఫీసు ఎంపిక జాబితాలో ఉంది. నడవడిక విచారణ ఒక్కటే మిగిలింది. ఇరుగుపొరుగునీ పాత యజమానులనీ అడిగి, ఈ మనిషి ఎలాంటిదని తెలుసుకుంటారు.

గది ఖాళీ అయ్యాక ఆమె సారు బల్ల దగ్గరికి వెళ్లింది.

"సార్, నా పేపరుకి ఎన్ని మార్కులు వేశారు?"

"తెలుసు కదా. పూర్తి మార్కులు."

"ఊహకా, చూసినదానికా?"

"ఫగుందెస్, నీకు మంచి భవిష్యత్తు ఉంది."

"ఎమెరీకి లేదా సార్?"

ఆయన పుల్ల నములుతూ కిటికీలోంచి పొగమంచు చూశాడు. ఆమె డీన్ పంపిన కాగితాన్ని, సంతకం లేకుండానే, ఆయన ముందు పెట్టి వచ్చేసింది. తన జవాబు కాగితం మాత్రం సంచిలోనే ఉంచుకుంది.

ఆ వారమే నదీన్ క్రౌలీ అనే లాయరుకు ఫోన్ చేసింది. డబ్బులేని వాళ్ల తరఫున వాదించడానికి ప్రభుత్వం పెట్టే లాయర్లలో ఆమె ఒకరు, ఎమెరీ కేసు ఆమెదే. గొంతులో నిద్ర చాలనట్టు ఒక బరువు. "ఆ గదిలోవాళ్లకి ఇప్పటిదాకా నేనే ఫోన్లు చేస్తున్నాను. నాకు ఫోన్ చేసింది నువ్వొక్కదానివే. కోర్టుకొచ్చి చెప్తావా?"

"చెప్తాను."

"నాటకమనుకున్నారు కదా, దాంతోనే నిన్ను ఆడుకుంటారు."

"ఆడుకోనివ్వండి."

ఇంటికి వెళ్లేసరికి జెర్వాసియో గుడ్లతో పాటు లింగీసా అనే పందిమాంసం సాసేజ్ వేయిస్తున్నాడు. వంట ఆయనకు సంతోషమైతేనే చేస్తాడు, లేదా మనసు పాడైతే. ఆ రోజు రెండోది.

"షెరీఫ్ ఆఫీసు నుంచి ఒకడు ఫోన్ చేశాడు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నా పాత స్నేహితుడే. మీ అమ్మాయి ఏదో కేసులో వేలు పెడుతోందట కదా, కాస్త చెప్పు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చెప్తానన్నాను. ఆ కుర్రాడు నీకేమవుతాడే?"

"ఏమీ కాడు. పొద్దుతిరుగుడు గింజలిస్తాడు."

"గింజల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

"అతను నన్ను పేరు పెట్టి పిలిచాడు నాన్నా. చెప్పమన్నాడు. నేను రాసుకున్నాను. బొమ్మలా కూర్చుని రాసుకున్నాను! అది తల్చుకుంటే నాకు నా మొహం అద్దంలో చూసుకోబుద్ధి కావట్లేదు."

జెర్వాసియో పెనం దించాడు. "విను. జైల్లో నేను చూసినవన్నీ చెప్పుంటే, రిటైరయ్యేదాకా ఉండనిచ్చేవాళ్లు కాదు. ఈ ఇల్లూ ఉండేది కాదు, నీ చదువూ ఉండేది కాదు."

"ఏం చూశావు?"

"తిను, చల్లారిపోతుంది."

"ఏం చూశావో చెప్పు నాన్నా."

ఆయన ప్లేటు ఆమె ముందు పెట్టి, తీపి రొట్టె కోసి పక్కన పెట్టి, తను మాత్రం తినకుండా కూర్చున్నాడు. తండ్రి చేతులకేసి చూస్తుంటే లూర్డెస్‌కి జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నా కోసమే నోరు మూసుకున్నావని నాకు తెలుసు," అంది. "ఇక చాలు. నా కోసం ఇంక మూసుకోకు. నేను మాత్రం ఎవరి కోసమూ మూసుకోను. ఉద్యోగం పోతే పోనీ. పాలడైరీలో పనికి పోతాను, ఆవులు నా సాక్ష్యం అడగవు."

కోర్టు విచారణ రోజున స్ట్రౌడ్ కడిగిన ముత్యంలా తయారై వచ్చాడు, మణికట్టుకి తెల్లటి పట్టీ వేసుకుని. ఎమెరీ నుదుటి మీద కుట్లు ఎండి నల్లబడ్డాయి. హాలోరన్ సారు చివరి వరసలో కూర్చున్నాడు. ఎవరూ పిలవకుండా ఎందుకు వచ్చాడో, వచ్చినవాడు లేచి ఒక్క మాట ఎందుకు చెప్పలేదో ఆయనకే తెలియాలి. జెర్వాసియో కూడా వచ్చాడు. లోపలికొచ్చి అటూ ఇటూ చూసి, పోలీసులు కూర్చున్న వైపు కాకుండా ఎమెరీ వాళ్లమ్మ కూర్చున్న బెంచీ మీద కూర్చున్నాడు. లూర్డెస్ అది చూసింది.

క్రౌలీ అడిగినవన్నీ చెప్పడం తేలికే అయింది. అప్పటికప్పుడు రాసిన కాగితం జడ్జి చేతికి వెళ్లింది. ఆ తరువాత ప్రాసిక్యూటర్ లేచాడు. నవ్వుమొహం, మెత్తటి గొంతు.

"మీరు దాన్ని నాటకం అనుకున్నారు. అవునా?"

"అవునండి."

"ఆయన్ని నటుడు అనుకున్నారు. రక్తాన్ని రంగు అనుకున్నారు. అంటే మీరు చూసిందేదీ మీరే నమ్మలేదు."

"మనుషుల్ని నటులనుకున్నానండి. కళ్లు మాత్రం నావే."

ఎవరో నవ్వారు. జడ్జి కళ్లద్దాల మీద నుంచి చూసేసరికి ఆగిపోయారు. ప్రాసిక్యూటర్‌కి నవ్వు నచ్చలేదు. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. కూర్చోలేదు.

"పోనీ ఇది చెప్పండి. అది నిజమైన అరెస్టని తెలిసి ఉంటే, ఇంకా జాగ్రత్తగా చూసేవారు. ఇంకా బాధ్యతగా రాసేవారు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోనండి."

"ఎందుకని?"

లూర్డెస్ తల ఎత్తింది. తండ్రి ఉన్న వైపు చూడలేదు, స్ట్రౌడ్‌కేసి సూటిగా చూస్తూ చెప్పింది.

"నిజమని తెలిసుంటే నేను అసలు చూసేదాన్నే కాదు. తల దించుకుని పుస్తకం తిరగేసేదాన్ని. ఎవరైనా అడిగితే, నేను అటు తిరిగి ఉన్నానండి, ఏమీ కనబడలేదు అనేదాన్ని. ఎందుకంటే నాకు షెరీఫ్ ఆఫీసులో ఉద్యోగం కావాలి. మా క్లాసులో సగం మందికి అలాంటి ఉద్యోగమే కావాలి. అందుకే వాళ్లెవరూ ఇవాళ రాలేదు. ఆ పూట మాకు ఎవరి భయమూ లేదు. మార్కులకే అనుకున్నాం. అబద్ధం రాస్తే మార్కులు పోతాయని నిజం రాశాం. రిపోర్టులో అబద్ధం రాసినవాళ్లకి ఏం పోతుందో నాకైతే తెలీదు, మీరే చెప్పాలి."

"ఈ మాటలు రికార్డులోంచి కొట్టేయించండి," అన్నాడు ప్రాసిక్యూటర్ జడ్జితో.

"అడిగింది మీరే," అంది జడ్జి.

మధ్యాహ్నానికి తేల్చేసింది. అధికారి నోటిమాట తప్ప నిందితుడు కొట్టాడనడానికి ఏ ఆధారమూ లేదని, ఆ మాటకు ఎదురుగా ఏ స్వార్థమూ లేకుండా అప్పుడే రాసిన మాట ఒకటి ఉందని, కేసు ముందుకు పోదని చెప్పింది. ఎమెరీ వాళ్లమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. జెర్వాసియో ఆమెకు తన రుమాలు ఇచ్చాడు.

వరండాలోకి వచ్చేసరికి లూర్డెస్ ఫోన్‌లో షెరీఫ్ ఆఫీసు నుంచి సందేశం ఉంది. ఆమె దరఖాస్తును ప్రస్తుతానికి పక్కన పెట్టామని, ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలని. చదివి నాన్నకు చూపించింది. ఆయన అద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు.

"సిగ్గులేని వెధవలు," అన్నాడు. కోర్టు వరండాలో, పదిమంది పోలీసులు వినేట్టు, గట్టిగా అన్నాడు. "మళ్లీ దరఖాస్తు పెట్టు. ప్రతి ఏడూ పెట్టు. ఎన్నిసార్లు పక్కన పెడతారో చూద్దాం."

అప్పుడు ఎమెరీ వచ్చాడు. థాంక్స్ చెబుతాడేమోనని లూర్డెస్ లోపల్లోపల కుంచించుకుపోయింది. అతను చెప్పలేదు.

"సోమవారం క్లాసుకొస్తున్నా," అన్నాడు. "నా కుర్చీలోనే కూర్చుంటా. నేనేం తప్పు చేశానని మానెయ్యాలి?"

"రా. ఎవడు కాదంటాడో చూస్తాను."

"ఒకటి చెప్పనా? ఆ రోజు నేల మీద పడి ఉండి నిన్నే చూస్తున్నాను. నువ్వు నావైపే చూస్తున్నావు. పెన్ను తీశావు."

"నాటకమనుకున్నాను ఎమెరీ."

"తెలుసు. ఇందాక విన్నాగా. బాగా రాశావు, బాగా చెప్పావు, అదంతా సరే." కుట్లు దురద పెడుతున్నాయేమో, నుదురు వేలితో రాసుకున్నాడు. "ఇంకోసారి ఎవరైనా అలా కింద పడి నీ పేరు పెట్టి పిలిస్తే, నాటకమైనా సరే, ముందు లే. తర్వాత రాసుకో."

లూర్డెస్ తల ఊపింది.